నీ ఇంటి ప్లానులో గాలి ఎక్కడ?

పర్లాకిమిడి,
శ్రావణం, ముసురు పట్టిన ఆదివారం

ప్రియమైన మాస్టారికి,

మన ఊళ్ళో కట్టబోయే నీ ఇంటి ప్లాను అందింది. నాలుగు రోజులుగా ముసురు, బయట కాలు పెట్టే పని లేదు. అందుకని దాన్ని భోజనాల బల్ల మీద పరిచి తీరిగ్గా చూశాను. పూజ గది ఈశాన్యంలో ఉంది, వంటిల్లు ఆగ్నేయంలో ఉంది, కారుకి షెడ్డు కూడా ఉంది. గాలి ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోతుందో మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ముప్పై ఏళ్ళు హైదరాబాదులో ఉండి మన ఊరి తేమని మరిచిపోయావు. అక్కడ తడి తువ్వాలు పూటలో ఆరుతుంది. ఇక్కడ శ్రావణంలో మూడో రోజుకి ముక్కిన వాసన వేస్తుంది గానీ ఆరదు.

నేను చేసిన తప్పు నువ్వు చేయకూడదనే ఈ ఉత్తరం. నవ్వుకో, పరవాలేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా పెంకుటిల్లు సగం ఎగిరిపోయిన సంగతి నీకు తెలుసు. ఆ భయంతోనే కొత్త ఇల్లు కట్టించాను. స్లాబు వేయించి, కిటికీలకు రబ్బరు అంచుల ప్లాస్టిక్ తలుపులు పెట్టించాను. కిటికీల పైన వెంటిలేటర్లు వదలమంటారా అని మేస్త్రి అడిగితే, చీమ దూరే సందు కూడా వద్దన్నాను. అమ్మ ఇల్లంతా తిరిగి చూసి, "ఇది ఇల్లా, ఊరగాయ జాడీయా?" అంది.

రెండో వానాకాలానికి అమ్మ బరంపురం పట్టుచీర మడతల్లో తెల్లటి బూజు కనిపించింది. ఆ వెనకే సామాన్ల గది గోడ నల్లబడింది. గోడలోకి నీరు దిగుతోందని చెప్పి పెయింటు దుకాణంవాడు ఖరీదైన పూత ఒకటి అంటగట్టాడు. ఆరు నెలల్లో గోడ మళ్ళీ మొదటికే వచ్చింది. అప్పుడు గానీ బుద్ధి రాలేదు. మూరెడు పాలిథిన్ ముక్కని గోడకి ఆనించి, నాలుగు అంచులా టేపు అంటించి రెండు రోజులు వదిలేశాను. దాని వెనక, గోడ వైపు నీటి బొట్లు పడితే చెమ్మ గోడలోది. ముందు, గది వైపు పడితే గాలిలోది. నాకు గది వైపే పడ్డాయి. డబ్బు పోసి పూత పూసింది ఏ పాపమూ ఎరగని గోడకన్నమాట.

ఇంతకీ ఆ గోడకి అవతల ఏముందో చెప్పు చూద్దాం. మా పడక గది. అందులో రాత్రంతా 18 డిగ్రీల మీద ఏసీ. చల్లటి నీళ్ళ లోటాకి బయట చెమట పట్టినట్టే, సామాన్ల గదిలో గోడకి చెమట పట్టింది. ఘనపు మీటరు గాలి 30 డిగ్రీల దగ్గర దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు, 20 డిగ్రీలకి చల్లబడితే 17 గ్రాములే. మిగిలినది ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా, మా ఇంట్లో ఆ గోడ మీద దించుకుంది. నీ ప్లానులోనూ పిల్ల పడక గది వెనకే సామాన్ల గది గీశాడు నీ ఇంజినీరు. ఎర్ర సిరాతో కొట్టేశాను, కోపం తెచ్చుకోకు.

ఏసీని ఇప్పుడు 26 మీద ఉంచి, పైన ఫ్యాను తిప్పుతున్నాం. 2020 జనవరి నుంచి మన దేశంలో అమ్మే ఏసీలన్నీ మొదట 24 మీదే మొదలవ్వాలని నిబంధన పెట్టారు. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు ఆరు శాతం దాకా మిగులుతుందని అప్పట్లో లెక్క చెప్పారు. పాత ఫ్యాన్లు 75 వాట్లు తింటే బ్రష్‌లు లేని మోటారుతో తిరిగే ఈ కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్లు ముప్పై వాట్ల చుట్టుపక్కలే తింటాయి. అయితే పైన తిరిగే ఫ్యాను ఒంటి మీద చెమట ఆరుస్తుందే గానీ, గదిలోంచి చుక్క నీటిని కూడా బయటికి పంపదు. ఈ చిన్న విషయం నాకు అర్థం కావడానికి రెండు వానాకాలాలు పట్టింది.

మరి ఆ నీరంతా ఎక్కడిదని అడుగుతావు. కొంత మనమే తయారుచేస్తాం. కిలో గ్యాసు కాలితే కిలోన్నరకి పైగా నీటి ఆవిరి పుడుతుంది. అంటే 14.2 కిలోల సిలిండరు ఒకటి అయిపోయేసరికి ఇరవై లీటర్లకి పైగా నీళ్ళు వంటింటి గాలిలో కలిసినట్టే. అన్నం గిన్నె ఆవిరి, స్నానాలు, ఇంట్లో దండేనికి ఆరేసిన బట్టలు, మనం వదిలే ఊపిరి దీనికి అదనం. కాబట్టి తేమని ఇల్లంతా వ్యాపించాక వెంటబడి పట్టుకోవడం దండగ. పుట్టిన చోటే బయటికి సాగనంపాలి. స్నానాల గదిలో 30 వాట్ల ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించి, స్నానం అయ్యాక ఇరవై నిమిషాలు తిప్పుతున్నాం. రోజుకి నాలుగు స్నానాలనుకున్నా, ఒక యూనిట్ కాలడానికి ఇరవై అయిదు రోజులు పడుతుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ ఆ యూనిట్‌ని గంటలో మింగేస్తుంది.

ఇందులోనూ నేనొక తెలివితక్కువ పని చేశాను. తలుపులూ కిటికీలూ బిగించి వంటింటి ఎగ్జాస్ట్ వేసేవాళ్ళం. ఒకరోజు చుట్టాలు భోజనానికి కూర్చున్న వేళ ఇల్లంతా మురుగు కంపు! బయటికి తోసిన గాలికి బదులు గాలి ఎక్కడి నుంచో రావాలి కదా. దారి లేక, వాడకుండా ఎండిపోయిన పెరటి బాత్రూం జాలీలోంచి వచ్చింది. ఆ రోజు మా ఆవిడ నా వంక చూసిన చూపు గురించి రాయను. ఇప్పుడు వంటింటి తలుపు కింద వేలెడు సందు వదిలాం, ఆ జాలీలో వారానికోసారి చెంబెడు నీళ్ళు పోస్తున్నాం, కింద గొట్టం వంపులో నీళ్ళు నిలిచి ఉంటే కంపు పైకి రాదు.

కిటికీలు తీస్తే సరిపోదా అనకు. వాన పడుతున్నప్పుడు బయటి గాలి 26 డిగ్రీలు, తేమ 95 శాతం. లోపల 29 డిగ్రీలు, 80 శాతం. గ్రాముల్లో చూస్తే రెండింటిలోనూ నీరు దాదాపు ఒక్కటే. తీసినా మూసినా తేమలో తేడా రాదు. అదే వాన వెలిసి ఎండ కాసిన మధ్యాహ్నం బయట 32, తేమ 60 శాతం ఉంటే ఘనపు మీటరుకి రెండు మూడు గ్రాములు తక్కువ. చల్లగా ఉందని సాయంత్రం తీసి, వేడిగా ఉందని మధ్యాహ్నం మూసే మన అలవాటు వానాకాలంలో తలకిందులన్నమాట. కార్తీకం వచ్చాక ఎప్పుడు తీసినా లాభమే.

అయితే తేమ ఒక్కటే చూసుకుంటే చాలదు. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకురాదు, ఉన్న గాలినే తిప్పుతుంది. మా మేనల్లుడు కార్బన్ డయాక్సైడ్ కొలిచే డబ్బా ఒకటి తెచ్చి పడక గదిలో పెట్టాడు. బయట పది లక్షల పాళ్ళ గాలికి 420 పాళ్ళ దగ్గర ఉండే అంకె, తలుపు వేసుకుని ఇద్దరం పడుకుంటే తెల్లారేసరికి రెండు వేలు దాటింది. పొద్దున్నే లేస్తే తల దిమ్ముగా ఉండటం వయసు వల్లేమో అనుకునేవాణ్ణి! ఇప్పుడు తలుపు పైన వెంటిలేటరు కొట్టించాను, జాలీతో. దోమల సంగతి మన కొండ వాలు ఊళ్ళలో నేను చెప్పాలా? మూసిన గదిలో దోమల కాయిల్ మాత్రం వెలిగించకండి. ఒక్క కాయిల్ నుంచి వచ్చే సన్నటి నలుసులు 75 సిగరెట్లకి తక్కువ కాదని లెక్కగట్టినవాళ్ళున్నారు.

మీ అబ్బాయి చెప్పిన, ఇంట్లో గాలి మార్చే ఈఆర్‌వీ యంత్రం గురించి అడిగావు. ఆలోచన గొప్పదే. బయటికి పోయే గాలీ లోపలికి వచ్చే గాలీ పల్చటి పొరకి అటూ ఇటూ కలవకుండా సాగుతూ, వేడినీ తేమనీ ఇచ్చిపుచ్చుకుంటాయి. పగలూ రాత్రీ ఏసీ నడిచే ఇంటికి అది కరెంటు మిగులుస్తుంది. కానీ అది దానంతట అది తేమని పిండదు. రాత్రిపూట ఒక్క గదిలో ఏసీ వేసుకునే మనకి ఆ ఖర్చు దేనికి? ఆ డబ్బుతో లోపలి గోడలకి సున్నం వేయించు. సున్నానికి ఉన్న క్షారగుణం వల్ల బూజు తొందరగా పట్టదు.

ప్లాను తిరిగి పంపుతున్నాను. ప్రతి కిటికీకి ఎదురుగా ఇంకో కిటికీయో తలుపో గీశాను. స్లాబు కింద వెంటిలేటర్లు గీశాను, వాటికి మూసుకునే రెక్కలు పెట్టించు, తిత్లీని నేనింకా మరిచిపోలేదు. మేస్త్రి దసరా తర్వాత ఖాళీ అవుతాడట, మాట తీసుకున్నాను.

వచ్చేటప్పుడు తేమ కొలిచే చిన్న మీటర్లు రెండు పట్టుకురా. కొనగానే నమ్మకు. సీసా మూతలో ఉప్పు వేసి, ముద్దయ్యేలా రెండు చుక్కల నీళ్ళు పోసి, మీటరుతో పాటు గాలి చొరని సంచీలో ఒక రాత్రి ఉంచు. 75 చూపిస్తే మంచిది. ఒకటి నీకు, ఒకటి నాకు అనుకున్నాను గానీ, అమ్మ తన చీరల బీరువాలోకి ఒకటి కావాలంటోంది. మూడు తెచ్చెయ్యి.

నీ,
జాడీలో కాపురమున్న మిత్రుడు