సంతలో కంటి బొమ్మ

రాయగడ,
ఆదివారం

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్లయిందో తలుచుకుంటే సిగ్గేస్తోంది. క్షమించు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, చిన్నదాని పరీక్షలు అయిపోయాయి, నాగావళిలో నీళ్లు అడుగంటాయి. ఇంటి కబుర్లు ఇవే. అసలు సంగతి చెప్పకుండా ఆగలేకపోతున్నాను.

మా సంతకు సైన్సు మ్యూజియం బస్సు వచ్చింది. 1965లో కలకత్తా మ్యూజియం వాళ్లు మొదలుపెట్టిన బస్సుల గురించి కాలేజీలో గంటలకొద్దీ చెప్పేవాడివే, అలాంటిదే. ఈసారి మూలకణాల ప్రదర్శన, అంటే ఒంట్లోని రకరకాల కణాలుగా మారగల తల్లికణాల గురించి. బోర్డులన్నీ ఒడియాలో, ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగువాళ్లకు చెప్పడానికి నన్ను నిలబెట్టారు.

పొద్దుట అంతా ఉసూరుమనిపించింది. ఒక పెద్ద పలక, దానికి మీటలు. నొక్కితే మధ్యలో మూలకణం వెలుగుతుంది, అక్కడి నుంచి నెత్తుటి కణానికీ, నరాల కణానికీ, కండర కణానికీ ఎర్రగీత పరుగెత్తుతుంది. పిల్లలు నొక్కుతారు, చూస్తారు, పారిపోతారు. పక్కనే జపాన్ శాస్త్రవేత్త యమనాకా ఫోటో. 2006లో ఎలుక కణాల్లోకి నాలుగు జన్యువులు పంపి వాటిని మూలకణాల్లాంటివిగా మార్చాడనీ, 2012లో నోబెల్ వచ్చిందనీ నేను ఎంత ఉత్సాహంగా చెప్పినా, చివరికి ఒకటే ప్రశ్న: "ఇంతకీ దీంతో ఏ జబ్బు నయమవుతుంది మాస్టారూ?"

మధ్యాహ్నం ఒక తాత వచ్చాడు. సంతలో తమలపాకులు, వక్కలు, సున్నం పొట్లాలు అమ్ముతాడు. దీపాల పలక వంక చూడనైనా లేదు. మూలన పెట్టిన కంటి నమూనా దగ్గర ఆగి, "ఈ అంచుకు పసుపు రంగు ఎందుకు పూశారు బాబూ?" అన్నాడు.

చెప్పాను. నల్లగుడ్డు పైపొర అరిగిపోతున్నకొద్దీ దాని చుట్టూ ఉన్న ఆ అంచులోని మూలకణాలే కొత్త కణాలను పంపుతాయి. కంట్లో సున్నం పడితే ఆ అంచు కాలిపోతుంది. ఇక తెల్లగుడ్డు మీది పొర నల్లగుడ్డు మీదికి పాకి చూపును కప్పేస్తుంది. అప్పుడు వేరేవాళ్ల కార్నియా, అంటే నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర, తెచ్చి అతికించినా నిలవదు.

తాత చేతిలో అప్పటికీ ఒక సున్నం పొట్లం ఉంది. చిన్న ప్లాస్టిక్ పొట్లం, రెండు వేళ్లతో నొక్కితే ఒకవైపు ఉబ్బుతుంది. దాన్నే చూస్తూ, "పిల్లలు వీటిని నొక్కి ఆడుకుంటారు" అన్నాడు. ఇంకేదో చెప్పబోయి ఆగాడు. నేను అడగలేదు.

"మరి దారి లేదా?"

ఉందిరా! హైదరాబాదు ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు 2012లో ప్రకటించిన పద్ధతి చెప్పాను. రెండో కన్ను బాగుంటే దాని అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. దెబ్బతిన్న కంటి మీద ఉమ్మనీటి సంచి పొర పరిచి, ఆ ముక్కను తునకలు చేసి నారు నాటినట్టు అతికిస్తారు. కణాలను ప్రయోగశాలలో పెంచే ఖర్చు లేదు. లోపలి దెబ్బను బట్టి చూపు ఎంత వస్తుందనేది ఉంటుందని కూడా చెప్పాను, దాచలేదు.

తర్వాత ఏం చేశాడో తెలుసా? బేరానికి వచ్చినవాళ్లనల్లా వెంటబెట్టుకొచ్చాడు! తెలుగులో ఒక మాట, ఒడియాలో ఒకటి, కోంధుల కువి భాషలో ఇంకొకటి. "సున్నం పడితే ముందు నీళ్లు, ఆపకుండా నీళ్లు, వెంటనే ఆసుపత్రి" అని తనే చెప్పడం మొదలుపెట్టాడు. నేను పక్కకు తప్పుకున్నాను. మన మూడో బెంచీ సిద్ధాంతం మళ్లీ గెలిచింది! ఇది ఇక్కడ ఎవరికి చెప్పినా అర్థం కాదు.

కన్ను ముందు పెట్టండి, దీపాలు తర్వాత అని మ్యూజియం వాళ్లతో గట్టిగానే వాదించాను. ఇంకో పలక కూడా కావాలన్నాను: ఏది నిలబడిన వైద్యం, ఏది ఇంకా పరీక్షల్లో ఉంది అని. ఎందుకంటే సాయంత్రం ఒక తల్లి సికిల్ సెల్ (నెత్తుటి కణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) ఉన్న కొడుకును తీసుకొచ్చింది. ఆమె చేతిలో మూలకణాలతో అన్ని జబ్బులూ మాయం అంటూ ఎవరో పంచిన కరపత్రం. ఒళ్లు మండిపోయింది. సికిల్ సెల్‌కు ఎముక మజ్జ మార్పిడి నిజమైన వైద్యమే, కానీ సరిపోయే దాత దొరకాలి, ప్రమాదాలూ ఉన్నాయి. ఆ పిల్లవాడికి ఒక అక్క ఉందట, ఆమెకు పరీక్ష చేయిస్తే...

బావమరిది విజయనగరం బస్సుకు బయలుదేరి గుమ్మంలో నిలబడ్డాడు, ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. మిగతాది రేపు రాస్తాను.

నీ
రాము