888 నంబరు భవనంలో ఓ గురువారం

మెకానిక్స్‌బర్గ్, పెన్సిల్వేనియా (అమెరికా),
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సత్తీ,

తిట్టాల్సినవన్నీ ముందు తిట్టేసుకుని అప్పుడు చదువు. దసరాకి రాస్తానన్న ఉత్తరం ఇది, దీపావళి కూడా దాటేసింది. నీ ఉత్తరం ఫ్రిజ్ తలుపుకే అంటించి ఉంది. పాలు తీసినప్పుడల్లా కనబడి గుచ్చుతోంది. అయినా రాయలేదంటే నా చర్మం మందం నీకు తెలియనిది కాదు, క్షమించెయ్.

ఇంట్లో అందరం బాగున్నాం. పెద్దాడికి పళ్లు ఊడుతున్నాయి, చిన్నదానికి మాటలొస్తున్నాయి, మా ఆవిడకి కొత్త మేనేజరొచ్చాడు, నాకు పాత నడుంనొప్పే. అమ్మకి కంటి ఆపరేషన్ బాగా జరిగింది. పూతరేకులు అందాయి, అయిపోయాయి కూడా. అంతే, క్షేమసమాచారాలు సమాప్తం. అసలు సంగతి కడుపులో ఆగడం లేదు.

నేను ఫెర్క్‌కి వెళ్లొచ్చానురా!

నువ్వు నవ్వుతావని తెలుసు. మీ ట్రైనింగ్ క్లాసులో ఎవరో ఈ పేరు చెప్పారనీ, నువ్వు బయటికొచ్చి "బెర్క్" అని రాసుకున్నావనీ నాకింకా గుర్తే. ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్. రాష్ట్రాలు దాటే గ్యాసు పైపులు, హైవోల్టేజీ లైన్ల రేట్లు, ఆనకట్టల లైసెన్సులు, ఇవన్నీ వాళ్ల చేతిలోనివే. 1920లో ఫెడరల్ పవర్ కమిషన్‌గా మొదలై 1977లో ఈ రూపంలోకి వచ్చింది. అడ్రసు వాషింగ్టన్‌లో ఫస్ట్ స్ట్రీట్, 888. ఇప్పుడు మీ మావయ్యగారికి పండగే, విను: 1996లో ట్రాన్స్‌మిషన్ లైన్లు ఎవరైనా వాడుకోవచ్చని వీళ్లిచ్చిన పెద్ద ఆర్డరు నంబరు 888. 2024 మేలో ఒకేరోజు రెండు ఆర్డర్లిచ్చారు, వాటి నంబర్లు 1920, 1977! అంకెల పిచ్చి అమలాపురం ఒక్కదాని సొత్తు కాదని ఆయనకి చెప్పు.

నాకక్కడేం పని అంటావా? మా పక్కింటి పెద్దాయన గురించి రాశాగా, మంచు తోసే మిషన్ అప్పిచ్చి, మళ్లీ అడగడానికి మొహమాటపడే ఆయన. వాళ్లక్కగారికి లాంకాస్టర్ కౌంటీలో మొక్కజొన్న పొలం ఉంది. డెబ్భై దాటిన మనిషి. చాలా ఏళ్ల కిందట ఆ చేలోంచి గ్యాసు పైపు వెళ్లింది. ఏ కంపెనీదన్నది మనకి అనవసరం. ఆవిడకి మిగిలిన కోరిక ఒక్కటే, ఆ నిర్ణయాలు చేసే గది చూడాలని. "నా చేను మీద ఓటేసిన బల్ల పొడవెంతో చూస్తాను" అంటుంది. తమ్ముడికేమో హైవే మీద చూపానదు. మరి బండెవరు తోలాలి? ఆయ్, మనమేనండి.

నెలకోసారి గురువారంనాడు పదింటికి కమిషన్ మీటింగ్ ఉంటుంది, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. తెల్లారకుండా బయల్దేరాం. ఆవిడ ఒళ్లో ఓ ఫైలు, డబ్బా నిండా చేత్తో చేసిన చాక్లెట్ కేకులు. మేరీలాండ్‌లోకి దిగగానే రోడ్డు పక్క కంచెలకి వరసగా బోర్డులు, హైటెన్షన్ లైను వద్దంటూ. అక్కడ 67 మైళ్ల 500 కేవీ లైను ఒకటి ప్రతిపాదనలో ఉంది, మూడు కౌంటీల మీదుగా. ఆ కరెంటు మాకోసం కాదు, వర్జీనియా డేటా సెంటర్ల కోసమని అక్కడి రైతుల కోపం. నేను తెలివి ప్రదర్శించబోయి, "వీళ్లు కూడా ఇవాళ మీటింగ్‌కి వస్తారేమో" అన్నాను. వెనక సీట్లోంచి పెద్దావిడ, "వాళ్లకేం పనక్కడ? అది తీగ, నాది పైపు" అంది.

అక్కడ మొదలైందిరా నాకు చదువు. వాషింగ్టన్ వచ్చేదాకా క్లాసే.

పైపుకి 1938 నాటి గ్యాసు చట్టం ఉంది. ఫెర్క్ సర్టిఫికెట్ ఇస్తే చాలు, రైతు ఒప్పుకోకపోయినా కంపెనీ కోర్టుకెళ్లి ఆ స్థలం మీద హక్కు తీసుకోవచ్చు. 1947లో చట్టం సవరించి మరీ ఇచ్చిన అధికారం ఇది. చూడు, ప్రభుత్వానికి కాదు, కంపెనీకి! తీగకి అలాక్కాదు. లైను వెయ్యాలా వద్దా, ఎటునుంచి వెయ్యాలి అన్నది ఏ రాష్ట్రానికా రాష్ట్రం తేల్చుకోవాలి. ఫెర్క్ చూసేది దాని మీద వసూలు చేసే రేటు. మూడు రాష్ట్రాల్లోంచి పోయే లైనుకి మూడు చోట్లా అనుమతి కావాలి, ఒక్కరు కాదన్నా మొత్తం ఆగిపోతుంది. 2005లో ఓ చట్టం చేసి, మరీ ముఖ్యమైన కారిడార్లలో రాష్ట్రం నాన్చితే ఫెర్క్ కలగజేసుకోవచ్చన్నారు. 2009లో అప్పీలు కోర్టు, నాన్చితే సరే, రాష్ట్రం మొహమ్మీద కాదంటే మీకు అధికారం లేదు పొమ్మంది. 2021లో మళ్లీ చట్టం మార్చి, కాదన్నా కలగజేసుకోవచ్చన్నారు. ఆ పని ఎలా చెయ్యాలో చెప్పేదే 1977 నంబరు ఆర్డరు. ఇంత చేసినా ఆ దారిన ఇంతవరకూ ఒక్క లైనుకీ పర్మిట్ ఇవ్వలేదు.

మీ పిన్నికూతురు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో 2021 ఫిబ్రవరిలో కరెంటు పోయి గ్యాసు పొయ్యి దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఏడ్చిందే, అదీ ఈ కథలో ముక్కే. టెక్సాస్ వాళ్లు తమ గ్రిడ్‌ని చాలామటుకు రాష్ట్రం దాటనివ్వరు, దాటితే ఫెర్క్ పెత్తనం వస్తుందని. మంచు పడ్డప్పుడు పక్క రాష్ట్రాల నించి తెచ్చుకుందామంటే సరిపడా తీగలు లేవు. గ్యాసు బావులు గడ్డకట్టాయి, ప్లాంట్లు ఆగాయి. రాష్ట్ర ఆరోగ్యశాఖ లెక్కలోనే 246 మంది పోయారు. స్వతంత్రం సంగతి సరే గాని... వద్దులే, మీ బావ టెక్సాస్ వీరాభిమాని, ఈ పేజీ ఆయనకి చూపించకు.

ఎక్కడున్నాను? ఆఁ, 888.

గేటు దగ్గర కార్డులు చూశారు, సంచులు మిషన్లోకి తోశారు. కేకుల డబ్బా చూసి గార్డు నవ్వాడు. లోపల పెద్ద హాలు, ఎదురుగా ఎత్తు మీద పొడుగాటి బల్ల. చట్టప్రకారం కమిషనర్లు ఐదుగురిదాకా ఉండొచ్చు, ఒక పార్టీవాళ్లు ముగ్గురికి మించకూడదు. మనం అక్కడ ఈఆర్‌సీ (విద్యుత్ నియంత్రణ మండలి) విచారణకి వెళ్లాం చూడు, రైతు సంఘం ఆయన మైకు వదలక అందరికీ భోజనాలు ఆలస్యమయ్యాయి. నేను ఆ ఊహలోనే కూర్చున్నాను. పెద్దావిడ కూడా ఫైలు తెరిచి కళ్లజోడు సర్దుకుంది.

సెక్రటరీ లేచి చదవడం మొదలెట్టింది. కరెంటువి ఈ-1, ఈ-2, గ్యాసు రేట్లవి జీ, జలవిద్యుత్తువి హెచ్, పైపుల సర్టిఫికెట్లవి సీ. గుళ్లో పూజారి గోత్రనామాలు చదివినట్టు చదివేసింది. ఊపిరి తీసుకున్న చోటు కూడా తెలియలేదు. తర్వాత ఒక్కొక్కరినీ ఓటడిగింది, సరే, సరే, సరే. మొత్తం కట్ట ఒకే ఓటుతో ఆమోదం! ఆ సీ నంబర్లలో ఎవరి పొలాలున్నాయో! పెద్దావిడ నా మోచెయ్యి పట్టుకుని "అయిపోయిందా?" అంది. నేను తల ఊపాను.

బయట జనం ఆ గదిలో మాట్లాడకూడదుట. చూడొచ్చు, వినొచ్చు, అంతే. మాట్లాడాల్సింది ముందే, కాగితం మీద, లేదా పర్యావరణ నివేదిక తయారయ్యేటప్పుడు ఊళ్లలో పెట్టే సభల్లో. అక్కడా ఓ మెలికుంది. ఉత్తి అభిప్రాయం రాసి పంపితే అది ఫైల్లో పడి ఉంటుంది. తర్వాత పోట్లాడే హక్కు కావాలంటే గడువులోపల "ఇంటర్వీనర్"గా, అంటే కేసులో ఓ పక్షంగా, చేరాలి. సర్టిఫికెట్ వచ్చాక 30 రోజుల్లో మళ్లీ ఫెర్క్‌నే రీహియరింగ్, అంటే పునర్విచారణ, అడగాలి. అది తేలితేగాని కోర్టుకి వెళ్లకూడదు.

ఇప్పుడు అసలైన ముక్క చెబుతా, కుర్చీలో సరిగ్గా కూర్చో. రీహియరింగ్ అడిగితే కమిషన్ 30 రోజుల్లో జవాబివ్వాలని చట్టం. వీళ్లేం చేసేవాళ్లంటే, "మీ విన్నపాన్ని ఇంకా పరిశీలించడం కోసం అనుమతిస్తున్నాం" అని ఓ ముక్క రాసి పడేసేవాళ్లు. అవునని కాదు, కాదని కాదు. రైతుకి కోర్టు తలుపు మూత, కంపెనీకేమో సర్టిఫికెట్ చేతిలో ఉంది గనక బుల్‌డోజర్‌కి అడ్డే లేదు. లాంకాస్టర్ కౌంటీలోనే అట్లాంటిక్ సన్‌రైజ్ అనే పైపు విషయంలో అచ్చం ఇదే జరిగింది. 2017 ఫిబ్రవరిలో సర్టిఫికెట్, రీహియరింగ్‌కి జవాబు డిసెంబర్లో, అప్పటికే పని నడుస్తోంది. ఆ భూముల వాళ్లు వదల్లేదురా. 2020 జూన్ 30న వాషింగ్టన్ అప్పీలు కోర్టు జడ్జిలందరూ కలిసి కూర్చుని, ఈ సాగదీత చెల్లదు పొమ్మన్నారు. ఆ తీర్పు చదివి పెద్దావిడ రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదుట. సంతోషమో, ఇంకేమిటో... అడగలేకపోయాను.

అదే పైపుదారిలో క్రైస్తవ సన్యాసినుల పొలం కూడా ఉంది. వాళ్లేం చేశారంటావు? 2017 జూలైలో సరిగ్గా పైపు వెళ్లాల్సిన చోట, మొక్కజొన్న చేలో, చెక్క బెంచీలేసి ప్రార్థనా మందిరం కట్టేశారు! గుడి కడితే రోడ్డు పక్కకి జరుగుతుందని మనవాళ్లకి ఎవరు నేర్పారో గాని, పెన్సిల్వేనియాలో కూడా ఆ విద్య ఉందని నాకు పట్టరాని ఆనందం. కానీ పారలేదు. మా మతస్వేచ్ఛ అని కోర్టుకెళ్తే, ఆ మాట ముందు ఫెర్క్ దగ్గర చెప్పాలి, చెప్పలేదు గనక ఇక్కడ వినం అన్నారు. 2018 అక్టోబరు నుంచి ఆ పైపులో గ్యాసు పారుతోంది.

గెలిచినా దక్కనివీ ఉన్నాయి. మన శీనుగాడుండే న్యూజెర్సీ మెర్సర్ కౌంటీకి పెన్సిల్వేనియా నుంచి 116 మైళ్ల పైపు వెయ్యాలని పెన్‌ఈస్ట్ అనే కంపెనీ బయల్దేరింది. రాష్ట్రప్రభుత్వ భూమిని కంపెనీ లాక్కోవచ్చా అని న్యూజెర్సీతో వచ్చిన తగువు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 2021 జూన్‌లో 5-4తో కంపెనీయే గెలిచింది. సెప్టెంబరుకల్లా ప్రాజెక్టు మూసేసింది! న్యూజెర్సీ ఇవ్వాల్సిన నీటి అనుమతులు రాలేదు మరి. శీనుగాడి చీట్ల పేకలా ఉంది కదూ, ముక్కలన్నీ పడతాయి, డబ్బు మాత్రం రాదు.

మీటింగ్ అయ్యాక కింద కూర్చుని కేకులు తిన్నాం. గార్డుకి కూడా పెట్టింది, వద్దన్నా వినలేదు. ప్రజలకి ఈ తతంగం అర్థమయ్యేలా సాయం చెయ్యడానికి ఫెర్క్‌లో ఇప్పుడో విభాగముంది. చట్టం 1978లో చేశారు, విభాగం 2021లో తెరిచారు. "43 ఏళ్లు పరిశీలించారు" అని తమ్ముడాయన జోకేశాడు. అక్కగారు నవ్వలేదు. రీహియరింగ్ తేలేదాకా తవ్వకూడదని 2020లో కమిషనే ఓ నియమం పెట్టింది, 2025 జూన్‌లో మళ్లీ దాన్ని ఏడాదిపాటు పక్కన పెట్టింది. ఆవిడ ఫైల్లో ఆ కాగితం కూడా ఉంది, ఎర్ర పెన్నుతో గీతలు గీసి.

తిరిగొచ్చేప్పుడు వాళ్ల చేలో పాతిన పసుపు గుర్తుకర్రల గురించి చెబుతుంటే, మా కోనసీమ కొబ్బరితోటల్లోనూ ఉంటాయన్నాను. పైపు పగిలితే చూసేది ఫెర్క్ కాదు, రవాణాశాఖ కింద వేరే ఆఫీసుట. అప్పుడు మన కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాసు పైపు పేలిన సంగతి చెప్పాను. 2014 జూన్ 27 తెల్లవారుజాము. 20 మందికి పైగా పోయారని చెప్పి, ఆ పొద్దున్న నీ ఫోను... అక్కడ ఆపేశాను. నీకు తెలుసుగా. కారులో ఎవరం చాలాసేపు మాట్లాడలేదు.

ఇంతకీ నీకిదంతా ఎందుకు రాస్తున్నానంటే, టవర్లు వేయించేవాడివి నువ్వు. పెద్దావిడ అడిగింది, మీ దేశంలో తీగకెలా అని. భూమి తీసుకోరు, పేరు రైతుదే, 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారంతో టవరు లేపుతారు, కాదంటే కలెక్టరు ఆర్డరు అన్నాను. 2015లో టవరు కాళ్ల కింద భూమి విలువలో 85 శాతం ఇవ్వమని కేంద్రం చెప్పింది, 2024 జూన్‌లో 200 శాతం చేసింది, తీగ కింది కారిడార్‌కి 30 శాతం అన్నది కూడా చెప్పాను. నీ దగ్గర విన్నవే, నావిగా చెప్పుకున్నాను. ఆవిడ ఇంకో ప్రశ్న వేసింది, దానికి నా దగ్గర జవాబు లేదు: డబ్బు గొయ్యి తవ్వకముందు ఇస్తారా, తీగ లాగాక ఇస్తారా?

కాగితం మీద ఏముందో కాదు, నీ సెక్షన్లో నిజంగా ఏం జరుగుతుందో రాయి. పోయినేడు ఫౌండేషన్ గోతిలో దిగి కూర్చున్న ముసలమ్మ గురించి సగం చెప్పి ఫోను పెట్టేశావు, ఆవిడకేమైందో కూడా. అప్పుడు నువ్వు

పెద్దాడి ఈత క్లాసు అయిపోయిందట, మా ఆవిడ ఫోను మీద ఫోను. మిగతాది మళ్లీ రాస్తా. అమ్మగారికి నమస్కారాలు చెప్పు. మావయ్యకి 888 మాత్రం తప్పకుండా చెప్పు.

నీ
బుజ్జి