చిత్తుప్రతిని సరిదిద్దిన మీ అందరికీ కృతజ్ఞతలు

రోజువారీ జీవితంలో మంచివైపు చూపు నిలపడం గురించి మేం రాసిన చిన్న పుస్తకం చిత్తుప్రతిని ఓపికగా చదివి, తప్పులు దిద్ది పంపిన ప్రతి ఒక్కరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఆ దిద్దుబాట్లు ఎవరికైనా పనికొచ్చేవి, అందుకే ఇక్కడ పంచుకుంటున్నాం.

అన్నిటికంటే పెద్ద సాయం 'మూడు మంచి విషయాలు' అధ్యాయంలో అందింది. పడుకునే ముందు ఆ రోజు బాగా జరిగినవి మూడు రాయమని చెప్పి వదిలేశాం. ఒక్కోదాని పక్కన 'ఎందుకు జరిగింది?' అన్నదానికీ జవాబు రాయించాలని మీరు పట్టుబట్టారు. మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ బృందం 2005లో ప్రచురించిన ప్రయోగంలోనూ కారణం రాయడం సాధనలో భాగమే. 'పని వేళకు పూర్తయింది' అని రాస్తే అక్కడితో అయిపోతుంది. పక్కనే 'నిన్న రాత్రే కాగితాలు సర్దిపెట్టుకున్నాను' అని చేరితే, రేపు మళ్లీ చేయదగ్గ పని ఒకటి కంటపడుతుంది.

వారం తిరిగేసరికి చాలామంది 'కుటుంబం, ఆరోగ్యం, స్నేహితులు' అని అవే మాటలు రాస్తుంటారు, ఆపై విసుగొచ్చి మానేస్తారు. పేరు కాకుండా సంఘటన రాయమన్న మీ సలహా దీనికి సరైన మందు. 'స్నేహితురాలు' అని కాదు, 'గొంతు విని అలసట కనిపెట్టి, పది నిమిషాలు మాట్లాడింది' అని రాయాలి. మొదటి వారం రోజూ రాసి, తర్వాత వారానికోసారి చాలన్నారు, అదీ చేర్చాం. మనస్తత్వవేత్త సోన్యా ల్యుబోమిర్‌స్కీ బృందం చేసిన ఆరు వారాల ప్రయోగంలో కృతజ్ఞత కలిగించే విషయాలను వారానికి ఒకసారి రాసినవారికే మేలు కనిపించింది, మూడుసార్లు రాసినవారికి కాదు.

'చెడు ఆలోచనలు రానివ్వకండి' అన్న వాక్యాన్ని కొట్టేయించినవారికి ఎంతో రుణపడ్డాం. అది హాని చేసే సలహా. తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దంటే అదే పదేపదే గుర్తొస్తుందని మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ 1987లోనే చూపించారు. ఇప్పుడు అక్కడ ఇలా ఉంది: ముందు బాధ పేరు రాయండి, భయమో, కోపమో, అవమానమో. తర్వాత జరిగినదాన్ని, మనం ఊహించుకున్నదాన్ని విడదీయండి. 'జవాబు రాలేదు' అన్నది జరిగింది. 'నన్ను లెక్కచేయడం లేదు' అన్నది మనం జోడించింది. జవాబు రాకపోవడానికి ఇంకో రెండు కారణాలు రాయండి. అవి తియ్యటివి కానక్కర్లేదు, నిజంగా సాధ్యమైనవైతే చాలు. మంచి చూపంటే మేం నమ్మేది ఇదే: ఉన్నదాన్ని పూర్తిగా చూడటం.

రాయడం మరిచిపోయే వారికోసం ఒక వాక్యం అందించారు, అలాగే వేశాం: 'పక్కమీద ఫోన్ చేతికొస్తే, అది పక్కన పెట్టి ముందు మూడు పంక్తులు రాస్తాను.'

మరొక్క మార్పు. దిగులు రెండు వారాలకు పైగా తగ్గకపోయినా, నిద్ర, ఆకలి చెడినా డాక్టర్‌ను కలవాలనీ, చచ్చిపోవాలనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదనీ చివరి పేజీలో రాశాం. మీరు చెప్పాక దాన్ని మొదటి పేజీకి తెచ్చాం.