ఇంజినీరింగ్‌లో కొత్తగా చేరేవాళ్లకి: లాప్‌టాప్‌లో ఏ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్)?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, విండోసా, మ్యాకా, లైనక్సా అని ఒకటే అడుగుతున్నారు కదా. ముందు మీ బ్రాంచ్ చూసుకోండి. మెకానికల్, సివిల్ వాళ్లకి వేరే ఆలోచనే వద్దు, విండోసే. మీకు కావాల్సిన డిజైన్ సాఫ్ట్‌వేర్‌లు సాలిడ్‌వర్క్స్, రెవిట్ మ్యాక్ మీద నేరుగా నడవవు. సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్)కి ఏదైనా పర్లేదు. ఐఫోన్ యాప్‌లు రాయాలన్న పట్టుదల ఉంటే మాత్రం మ్యాకే, ఆ యాప్‌లు తయారుచేసే ఎక్స్‌కోడ్ ఇంకెక్కడా రాదు.

చెన్నై రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనేవాళ్లు జాగ్రత్త. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 (భద్రత కోసం ఉండే చిప్) కావాలి, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం ప్రాసెసర్ నుంచే. షాపులోనే విండోస్ కీతో పాటు ఆర్ నొక్కి, టీపీఎం డాట్ ఎంఎస్‌సీ (tpm.msc) కొట్టండి. టీపీఎం వెర్షన్ అక్కడే కనిపిస్తుంది. షాపాయన 11 ఎక్కించి చూపించాడని మురిసిపోకండి, ఈ చెకింగ్‌ని దాటేసి ఎక్కించే దారులు బోలెడు.

లైనక్స్ మోజుంటే విండోస్ పీకెయ్యక్కర్లేదు. డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్ లోపలే లైనక్స్ నడిపే ఏర్పాటు) ఉబుంటు అనే లైనక్స్ వేసుకోండి, ల్యాబ్ పనులకి చాలావరకు సరిపోతుంది. కాదు, డ్యూయల్ బూటే (ఒకే లాప్‌టాప్‌లో రెండు ఓఎస్‌లు) కావాలంటారా, ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. అదే లాప్‌టాప్‌లో ఫైలుగా దాచుకోకండి మహానుభావులారా!

శనివారం రిచీ స్ట్రీట్‌కి వెళ్తున్నాం. వచ్చేవాళ్లు బ్రాంచ్, బడ్జెట్ ఇక్కడే పెట్టండి.