అప్పకు ఉత్తరం: అరసవల్లి పుట

మ్యూనిక్,
నవంబరు 9.

అప్పకు తమ్ముడి నమస్కారాలు.

ఇక్కడ మేమందరం క్షేమం. నీ ఉత్తరం అందింది. అమ్మ మోకాళ్ళ సంగతి ఆదివారం ఫోనులో మాట్లాడదాం. నువ్వు అడిగింది పుస్తకాల గురించి కాబట్టి ఈ ఉత్తరమంతా దానికే ఉంచుతున్నాను. "అక్కడ పుటకు అంటించిన కాగితపు మూత ఎత్తితే కింద ఇంకో బొమ్మ కనిపించే కిటికీల పుస్తకాలుంటాయట కదా, నా మూడో తరగతి గుంటలకు అరడజను పంపు, తెలుగు ముక్కలు మేమే అంటించుకుంటాం" అని రాశావు. పంపడం పెద్ద పని కాదు. కానీ నెల రోజులుగా వాటినే తిరగేసిన మీదట, అవి పంపకపోవడమే మేలనిపించింది. ఎందుకో చెబుతాను, కోప్పడకుండా చదువు.

మా ఊళ్ళో బ్లూటెన్‌బుర్గ్ అనే చిన్న కోట ఉంది. అందులో ఉన్నది అంతర్జాతీయ బాలల గ్రంథాలయం. నాజీల కాలంలో దేశం విడిచి పోవలసివచ్చిన యెల్లా లెప్‌మన్ అనే యూదు మహిళ, యుద్ధం ముగిశాక తిరిగి వచ్చి, శిథిలాల మధ్య పెరుగుతున్న జర్మనీ పిల్లల చేతుల్లో అన్ని దేశాల కథలూ పెట్టాలన్న పట్టుదలతో 1949లో దాన్ని స్థాపించారు. 1983 నుంచి అది ఈ కోటలోనే నడుస్తోంది. వీలు దొరికినప్పుడల్లా చిన్నదాన్ని తీసుకొని వెళ్తున్నాను. మనం చదువుకున్న బడిలో కూడా బీరువా నిండా పుస్తకాలుండేవి, గుర్తుందా? ఇన్‌స్పెక్షన్ రోజున తప్ప దాని తాళం తీయగా నేను చూడలేదు. ఇక్కడ నాలుగేళ్ళ పిల్ల నేల మీద బోర్లా పడుకొని పుట చింపినా ఎవరూ కేకలేయరు. జిగురు పెట్టి అతికించి మళ్ళీ అరలో పెడతారు.

ఆ పుస్తకాల్లో ఎక్కువ భాగం నాకు నచ్చలేదు. పశువులశాల తలుపు తెరిస్తే ఆవు, దాని కింద "ఆవు" అన్న మాట. అగ్నిమాపక బండి తలుపు తెరిస్తే గొట్టం, దాని కింద "గొట్టం" అన్న మాట. మా చిన్నది పది నిమిషాల్లో తలుపులన్నీ తెరిచేసి, పుస్తకం మూసి, మళ్ళీ దాని ముఖం చూడలేదు. పేరు చెప్పడానికి తలుపెందుకు? ఒకే ఒక పుట దాన్ని అరగంట సేపు కూర్చోబెట్టింది. అందులో కోడిగుడ్డు ఉంది. పెంకు ఎత్తితే ఒక పొర, దాన్ని ఎత్తితే ఇంకో పొర, అలా లోపలికి వెళ్ళేకొద్దీ పిల్ల పెరుగుతూ వచ్చి, ఇరవై ఒకటో రోజున ముక్కుతో పెంకును పొడుస్తుంది. గుడ్డు నిజంగానే పొర లోపల పొర కదా, కాగితమూ అలాగే తెరుచుకుంటోంది. తేడా అక్కడే ఉందని నాకు అప్పుడు తెలిసింది. పుటలో కదిలే ముక్క, అసలు వస్తువు ఎలా కదులుతుందో అలాగే కదలాలి.

ఈ విద్యలో ఆరితేరినవాడు ఈ ఊరివాడే. లోథర్ మెగ్గెన్‌డోర్ఫర్ (1847–1925) అనే చిత్రకారుడు, పుట అడుగున ఉన్న ఒక్క పట్టీని లాగితే బొమ్మలోని మనిషి చెయ్యీ, తలా, కన్నూ వేరువేరుగా కదిలేటట్టు పుస్తకాలు చేశాడు. రెండు కాగితాల నడుమ అట్టముక్కల మీటలు దాచి, వాటిని సన్నని రాగితీగను చుట్టగా చుట్టి బిగించేవాడు. పాత ఛార్జరు తీగ ఒలిచి నేనూ ప్రయత్నించాను. ఏ బొమ్మ చేయాలని చిన్నదాన్ని అడిగితే, కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు తాతగారు చెప్పిన అరసవల్లి సూర్యుడు కావాలంది.

మార్చి 10 ప్రాంతంలో మూడు రోజులు, అక్టోబరు 2 ప్రాంతంలో మూడు రోజులు ఆ గుడిలో సూర్యనారాయణస్వామి పాదాలను తాకే కిరణాల కోసం చీకటితోనే లేచి మనమూ వెళ్ళాం, ఒక ఏడాది మబ్బు పట్టి ఉత్త చేతులతో తిరిగొచ్చాం. ఏడాదికి రెండుసార్లే ఎందుకని మనం ఎవరినీ అడగలేదు. నేను మొదట పన్నెండు నెలలు రాసిన గుండ్రటి చక్రం కోసి, సూర్యుణ్ణి దాని అంచున అంటించి, మధ్యలో రాగితీగతో బిగించాను. చిన్నది దాన్ని ఒక చుట్టు తిప్పి, "సూర్యుడు గుడి వెనక్కి కూడా వెళ్ళి ఉదయిస్తాడా?" అని అడిగింది. నా మొహం చెల్లలేదు. ఉదయించే చోటు చక్రంలా చుట్టూ తిరగదు. తూర్పు అంచు మీద దక్షిణానికీ ఉత్తరానికీ ఊయలలా పోయి వస్తుంది. డిసెంబరు 21న దక్షిణపు కొసకు చేరి వెనక్కి తిరుగుతుంది. అందుకే రెండు కొసలు తప్ప నడుమనున్న ప్రతి చోటునూ ఏడాదికి రెండుసార్లు దాటుతుంది, పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. అక్టోబరు 2 నుంచి ఆ కొసకు 80 రోజులు, కొస నుంచి మార్చి 10కి 79 రోజులు. క్యాలెండరు ముందు పెట్టుకొని పిల్లలే లెక్కపెట్టుకోగలరు. చక్రం పారేసి, అట్టలో అడ్డంగా గాడి కోసి, సూర్యుణ్ణి పట్టీకి అంటించి అటూ ఇటూ జరిపేటట్టు చేశాను. గుడి వాకిలికి ఎదురుగా వచ్చినప్పుడల్లా వెనకనున్న పసుపు కాగితం పాదాల దగ్గర కనిపిస్తుంది. మొదటి పట్టీ చిరిగింది. రెండోది పాలడబ్బా అట్టతో చేశాను, నిలిచింది.

రెండో పుట మన టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి వచ్చే గూడబాతుది (పెలికాన్). దాని కింది ముక్కుకు వేలాడే సంచిని కాగితపు సంచిగానే చేశాం, వేలు పెట్టి లాగితే లోపల చేప ఉంటుంది. ఆ పుటలో పెట్టవలసిన ప్రశ్న మాత్రం సంచి గురించి కాదు. ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని మన ఊళ్ళలో చిన్నా పెద్దా అందరూ అంటారు, నేనూ ఇక్కడివాళ్ళకు గొప్పగా చెప్పుకున్నాను. కానీ చలి తప్పించుకోవడానికి ఉత్తరాది నుంచి వచ్చే పక్షి ఇక్కడ తిని, బలిసి, తిరిగిపోయి తన చోటనే గూడు కడుతుంది. తేలినీలాపురంలో గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ గూళ్ళు కట్టి పిల్లల్ని చేస్తాయి. రెండూ దక్షిణాసియాలోనూ దాని తూర్పు దేశాల్లోనూ బతికే జాతులే. కాబట్టి మూత మీద "ఇవి ఎక్కడివి?" అని రాసి, మూత కింద జవాబు రాయకుండా, "చెట్టు మీద గూడు ఉందా? గూట్లో పిల్ల ఉందా?" అని మాత్రమే రాశాను. టెక్కలి దాటి ఏడెనిమిది కిలోమీటర్లు పోతే నీ పిల్లలు కళ్ళారా చూసి వస్తారు. జర్మను పుస్తకంలోని ఇక్కడి అడవి జంతువు కోసం ఎక్కడికి తీసుకెళ్తావు?

తెలుగు అంటించే పని కూడా చేసి చూశాను. మన అక్షరానికి కింద ఒత్తు, పైన గుడి. వరుసకూ వరుసకూ ఎడం కావాలి. నాలుగు జర్మను వరుసలు పట్టిన మూత కింద తెలుగు రెండు వరుసలకు మించి పట్టలేదు. చిన్న అక్షరాలతో ఇరికిస్తే మూడో తరగతి పిల్లవాడు చదవలేడు.

కథల పుస్తకాలది వేరే లెక్క. కథకు కిటికీలు పెట్టకు. తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రమే అక్కడ తలుపు. కథలకు స్టోరీవీవర్ చూడు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన ఆ భాండారంలో తెలుగు పుస్తకాలున్నాయి; అచ్చు వేసుకోవచ్చు, మాటలు మార్చుకోవచ్చు, వారు ఒప్పుకున్నదే. మార్చమని ఎందుకంటున్నానంటే, "రాగి జావ" అని చదివి మీ బడి గుంటడొకడు రాగిచెంబును కరిగిస్తారా అని అడిగాడని నువ్వే రాశావు కదా. అక్కడ మనవైపు రాగులకున్న పేరుతోనే "చోడి అంబలి" అని దిద్ది చదివించు, తప్పేమీ లేదు. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర పిల్లల కోసం సవర భాష నేర్చుకొని, ఆ భాషలోనే పుస్తకాలు రాశారు. ఆయన జిల్లాలో చోడి అనడానికి జంకెందుకు?

ఈ వారంలో పార్సెలు వేస్తున్నాను: దళసరి అట్టలు ముప్ఫై, రంధ్రాలు చేసే పంచ్ ఒకటి, రాగితీగ, మేం చేసిన రెండు పుటలు. కత్తెరలు అక్కడే కొనుక్కో. బావకు నా నమస్కారాలు చెప్పి ఒక పని అప్పగించు. బడి వరండా స్తంభం దగ్గర ఒకే చోట నిలబడి, వచ్చే సోమవారం నుంచి వారానికొకసారి సూర్యుడు ఏ తాటిచెట్టు పక్కన పైకి వస్తున్నాడో గుర్తు పెట్టమను. బొమ్మ మాత్రం పిల్లలే గీయాలి. డిసెంబరు 21 గడిచాక ఆ కాగితాన్ని ఫోటో తీసి పంపితే గాడి ఎంత పొడవు కోయాలో నేను లెక్క కట్టి చెబుతాను.

ఇట్లు,
నీ తమ్ముడు