పలాస అక్కకి, మిగతా అందరికీ థ్యాంక్స్

నా గేమ్ రెండో బిల్డ్ (కొత్త వెర్షన్) ఇప్పుడే అప్‌లోడ్ అయింది. కళ్లు మూతలు పడిపోతున్నాయి గానీ, ఇది రాయకుండా పడుకుంటే రేపటికి సగం మర్చిపోతాను.

పర్లాకిమిడిలో కూర్చుని రెన్‌పై అనే సాఫ్ట్‌వేర్‌లో, తెలుగులో, పెద్దల విజువల్ నవల (బొమ్మలు, డైలాగులు క్లిక్ చేస్తూ చదివే కథ గేమ్) చేస్తున్నానంటే నవ్వినవాళ్లే ఎక్కువ. మొదటి బిల్డ్ వదిలాక వచ్చినవి రెండే రకం మాటలు. "బొమ్మలు బాగున్నాయి." "అసలు సీన్ ఎప్పుడు?" అలాంటప్పుడు పలాస నుంచి ఒకావిడ ఎక్సెల్ షీట్ పంపారు. జీడిపప్పు బట్టీలో లెక్కలు రాస్తారట. ముక్కూ మొహం తెలీదు. ఒక్కో సీన్‌కీ ఒక్కో వరస: ఎన్ని క్లిక్కులు, వాటిలో కథ కదిలినవెన్ని, తను ఎక్కడ విసుగొచ్చి స్కిప్ నొక్కేశారు.

మేడ మీద సీన్ మొత్తం ఎర్ర రంగే. పెళ్లై పదేళ్లైన జంట. మొగుడు "నీ సాన్నిధ్యం నన్ను ఉద్వేగానికి గురిచేస్తోంది" అంటాడు. పక్క గడిలో ఆవిడ: "ఏటి తమ్ముడూ ఇది? గిడుగు పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి మొగుడూ పెళ్లాల చేత గ్రాంథికం మాట్లాడిస్తావా?" (అది గ్రాంథికం కాదు, పేపరు తెలుగు. కానీ ఆవిడతో వాదించే ధైర్యం నాకు లేదు.)

దాని కింద రాసిచ్చింది ఒక్కటే డైలాగ్, పెళ్లాం నోట. "గొళ్లెం పెట్టావా?" ఆ తర్వాత డైలాగ్ బాక్స్ తీసేసి, బొమ్మ ఒక్కటే ఉంచి, ఆడేవాళ్లు క్లిక్ చేసేదాకా ఆగమన్నారు. మొగుడి ఉపన్యాసమంతా కొట్టేశాను. మళ్లీ ఆడి చూస్తే, రాసినవాణ్ణి నాకే చెవులు వేడెక్కాయి. కాసేపటికి ఏడుపొచ్చేసింది, ఎందుకో మరి. డబ్బులు తీసుకోండక్కా అంటే, "జీడిపప్పు కొనుక్కో, మా దగ్గరే" అన్నారు.

ఇంత చేసినా, పెట్టిన సైట్ సెర్చ్‌లో గేమ్ కనపడదు. 2025 జులైలో పేమెంట్ కంపెనీలు గేమ్‌లు అమ్మే సైట్ల మీద ఒత్తిడి తెచ్చినప్పటి నుంచి పెద్దల గేమ్ అంటే చాలు, అనుమానమే. నాకు రావాల్సిన డబ్బులు ఇంకా "రివ్యూలో" ఉన్నాయి. ఆ చూసేవాళ్లకి తెలుగు ఒక్క ముక్కైనా వచ్చో రాదో! పద్దెనిమిది దాటినవాళ్లకే అని మొదటి స్క్రీన్ మీదే రాశాను, ఇంకేం చెయ్యాలి?

ఇంట్లోవాళ్లకి థ్యాంక్స్ వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, ఒత్తులన్నీ విడిపోతుంటే ఫాంట్ సరిచేసిన బరంపురం కుర్రాడు! ఒడియా మెనూ చూసిపెట్టిన గుణుపురం మాస్టారు కూడా (ఉద్యోగం సంగతి, పేరు వద్దన్నారు). పాత ఫోన్లలో ఆడించి చూసిన మొబైల్ షాపు తమ్ముడు. ఇంకెవరినైనా వదిలేస్తే తిట్టండి, క్రెడిట్స్‌లో కలుపుతాను.