అమ్మ మహర్‌ను అప్పుల జాబితాలో చేర్పించినవారికి కృతజ్ఞతలు

నాన్న పోయాక పల్నాడులోని మా మిర్చి పొలంలో కొంత అమ్మి అప్పులు తీర్చే పని గత వారం పూర్తయింది. ప్రామిసరీ నోట్లన్నీ చెల్లు రాయించుకుని వెనక్కి తీసుకున్నాం. అండగా నిలిచినవారు తమ పేర్లు రాయవద్దన్నారు, అందుకని చేసిన మేలు మాత్రమే రాస్తున్నాను.

మొదటి సలాం మా మసీదు ఇమాం గారికి. నికాలో, అంటే పెళ్లిలో, భర్త భార్యకు ఇస్తానని ఒప్పుకునే సొమ్మే మహర్. జనాజా (శవయాత్ర) లేచేముందు భార్య చేత "మహర్ మాఫ్ చేశాను" అనిపించడం మా వైపు ఆనవాయితీ. పెద్దలు అమ్మ దగ్గరికి వస్తుంటే ఆయన అడ్డుపడి, "అది చనిపోయిన మనిషి మీదున్న అప్పు. ఏడుస్తున్న ఆడమనిషి చేత వదిలింపజేస్తారా?" అన్నారు. నికా రిజిస్టరు వెతికించి నకలు ఇప్పించింది కూడా ఆయనే.

అంత్యక్రియల ఖర్చులు, ఆపై అప్పులు, తర్వాత మూడో వంతు మించకుండా వీలునామా, చివరికి వారసుల వాటాలు. ఇదీ వరుస. మహర్ అప్పుల్లోకి వస్తుంది. అమ్మకు వారసురాలిగా వచ్చే ఎనిమిదో వంతు దానికి అదనం. బాగా చదువుకున్న బంధువులు కూడా "ఎనిమిదో వంతు ఎలాగూ వస్తుంది కదా" అంటూ రెండింటినీ ఒకే గంపలో వేశారు.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కేటాయించిన న్యాయవాది గారు మాకు తీపి మాటలు చెప్పలేదు. మహర్ ముట్టేదాకా పొలం స్వాధీనం వదలనని అమ్మ అంటే, "వారసులను ఆపగలరు గానీ అప్పులవాళ్లను ఆపలేరు" అన్నారు. హైదరాబాదు నుంచి వెళ్లిన ఒక కేసులో 1950లోనే సుప్రీంకోర్టు మహర్‌ను తాకట్టు లేని మిగతా అప్పుల సరసనే నిలబెట్టిందట. పొలం తాకట్టు పెట్టుకున్న సొసైటీ బాకీ వీటన్నిటికంటే ముందు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టంలోనే ఉంది. ఎవరికైనా పనికొస్తుందని చెబుతున్నాను.

చెల్లెలికి పద్దెనిమిదేళ్లు నిండలేదు. తల్లి సంతకంతో పని జరిగిపోతుందని ఒక మధ్యవర్తి తొందరపెట్టాడు. మైనరు ఆస్తి అమ్మే అధికారం మా చట్టంలో తల్లికి దానంతట అది రాదు. 1890 నాటి గార్డియన్ల చట్టం కింద జిల్లా కోర్టు అమ్మను సంరక్షకురాలిగా నియమించి అనుమతి ఇచ్చాకే రిజిస్ట్రేషన్ జరిగింది. అన్నాళ్లూ ఒప్పుకున్న ధరలో రూపాయి తగ్గించకుండా ఆగిన కొనుగోలుదారుకు దండం. అప్పులపాలైన పొలానికి బేరమాడేవాళ్లే ఎక్కువ. ఎరువుల దుకాణం పెద్దాయన లోక్ అదాలత్‌లో వడ్డీ వదులుకుని అసలే తీసుకున్నారు. ఆయన మేలూ మరువలేం.

అందరికంటే మా చాచాకు, అంటే నాన్న తమ్ముడికి, ఎక్కువ రుణపడ్డాను. నాన్నకు మగపిల్లలు లేరు. అప్పులు పోగా మిగిలినదాంట్లో మా అక్కచెల్లెళ్లకు మూడింట రెండు వంతులు, అమ్మకు ఎనిమిదో వంతు, మిగతాది, అంటే ఇరవై నాలుగింట అయిదు వంతులు, ఆయనకు. మహర్ ముందుగా తీస్తే తన వాటా తరుగుతుందని తెలిసీ, జాబితా చదివించుకుని, "వదినగారి బాకీ పైన రాయండి" అని సంతకం పెట్టారు. ఆయన కాదని ఉంటే ఇప్పటికీ కోర్టు వరండాలోనే ఉండేవాళ్లం.

మహర్ డబ్బు అమ్మ ఖాతాలో పడింది. పెళ్లినాటి అంకె కాబట్టి ఇప్పుడది పెద్ద మొత్తమేమీ కాదు, అయినా పాసుబుక్కు రెండుసార్లు తెరిచి చూసుకుంది. న్యాయవాది గారు మేం పంపిన మిఠాయిలు తిప్పి పంపించారు. అమ్మ పెట్టిన పండుమిర్చి పచ్చడి జాడీ మాత్రం ఇంకా తిరిగి రాలేదు.